మామిడి తోటకి ఎవరు డేంజర్: గబ్బిలమా, మచ్చ తెగులా?

విజయవాడ నుంచి నూజివీడు వెళ్లే దారిలో మా బాబాయికి మామిడి తోట ఉంది, ఆయన గబ్బిలాలను తిట్టని రోజుండదు. రెక్కలు చాపితే మీటరు దాటే పెద్ద గబ్బిలం రాత్రి వచ్చి పండు కొరికి, రసం మింగి పిప్పి ఉమ్మేసి పోతుంది, పొద్దున్నే ఆ పిప్పి కళ్లెదురుగా ఉంటుంది కాబట్టి కోపమంతా దానిమీదే.

మచ్చ తెగులు అలా కాదు. కొల్లెటోట్రైకం అనే శిలీంధ్రం వాన చినుకుల వెంట పచ్చికాయలోకి దూరి, చడీచప్పుడు లేకుండా పడుకుని, కాయ మగ్గేటప్పుడు నల్లమచ్చలై లేస్తుంది. అప్పటికి సరుకు మార్కెట్లో ఉంటుంది!

గబ్బిలం విత్తనాలు చల్లి మేలు కూడా చేస్తుంది, ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది కాబట్టి త్వరగా పెరిగిపోదు. తెగులును అదుపు చేయాలంటే మాత్రం ఎండుకొమ్మలు కత్తిరించాలి, కోసిన కాయల్ని 52 డిగ్రీల వేడినీళ్లలో కొన్ని నిమిషాలు ముంచాలి. నేనైతే గబ్బిలాన్నే భరిస్తాను, బాబాయి మాత్రం ఒప్పుకోడు.