ఆకు కదలని రోజు పందెం: హుస్సేన్ సాగర్ తెరచాప పడవ శిక్షణపై నా సమీక్ష

నల్లగొండ నుంచి వారాంతాల్లో హైదరాబాద్ వెళ్ళి తెరచాప పడవ నేర్చుకోవడం వీలవుతుందా అని మా కాలనీలో కొందరు అడుగుతున్నందువల్ల, మా అబ్బాయితో కలిసి నేను హుస్సేన్ సాగర్‌లో తీసుకున్న శిక్షణ గురించి వివరంగా రాస్తున్నాను. నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూసి రావడం మన జిల్లావాళ్ళకు కొత్త కాదు. ఇంజను ఊసే లేకుండా, ఉన్న కాస్త గాలితో పడవను పందెంలో నడపడం మాత్రం వేరే విద్య, దాన్ని ఇక్కడ ఎంతో శ్రద్ధగా నేర్పుతున్నారు.

మాకు ఇచ్చినది ఎంటర్‌ప్రైజ్ తరగతికి చెందిన పాత చెక్క పడవ. 1956లో ఇంగ్లండుకు చెందిన జాక్ హోల్ట్ రూపొందించిన ఈ నమూనా పొడవు 4 మీటర్ల పైచిలుకు ఉంటుంది, లేత నీలిరంగు తెరచాపలు దాని ఆనవాలు. ఇద్దరు మనుషుల పడవ ఇది. చుక్కానీ, పెద్ద తెరచాప తాడూ వెనక కూర్చున్నవారి చేతిలో ఉంటాయి, జిబ్ అనే ముందరి చిన్న తెరచాపను రెండోవారు చూసుకోవాలి. చుక్కాని మా అబ్బాయి పట్టాడు, జిబ్ నాకు అప్పగించారు. ఫైబర్ పడవలు వచ్చాక చెక్క పడవలను మూలన పడేయడం తేలిక. అయినా వీటికి వార్నిష్ తగ్గకుండా, అతుకుల్లో నీరు ఊరకుండా చూసుకుంటున్న తీరు నాకు చాలా నచ్చింది.

నైరుతి రుతుపవనాల కాలంలో ఆ చెరువు మీద పడమటి గాలి గట్టిగా వీస్తుంది, అవి వెనుదిరిగాక నెమ్మదిస్తుంది. మేము వెళ్ళింది దసరా దాటాక కాబట్టి చాలా పూటలు గాలి అంతంతమాత్రమే. ఈ శిక్షణ విలువ నాకు తెలిసింది ఆ పూటల్లోనే. గాలి బలంగా ఉంటే పడవ బోల్తాపడకుండా ఇద్దరూ గాలి వచ్చే వైపు అంచు మీద కూర్చుని బరువు మోపాలి. గాలి పలచబడితే లెక్క తారుమారవుతుంది. శిక్షకుడు నన్ను తెరచాప కట్టే స్తంభం దగ్గరికి, గాలి పోయే వైపుకు జరిపి, "సార్, ఇక మీరు గట్టిగా కదిలినా పడవ ఆగిపోతుంది" అన్నారు. పడవ కొద్దిగా ఆ వైపుకు ఒరిగితే తెరచాప తన బరువుతోనే వంపు తిరిగి నిలుస్తుందనీ, పడవ అడుగు నీటిని తాకే మేర తగ్గి రాపిడి కూడా తగ్గుతుందనీ, ముందుకు జరగడం వల్ల వెనక భాగం నీటిని ఈడ్వకుండా ఉంటుందనీ ఆయన ఒక్కొక్కటే చేయించి చూపించారు. చుక్కానిని ఊరికే అటూ ఇటూ తిప్పినా వేగం చస్తుందని మా అబ్బాయికి పదే పదే గుర్తుచేశారు.

జిబ్‌కు రెండు వైపులా చిన్న ఉన్ని పోగులు అతికించి ఉంటాయి. రెండూ వెనక్కి సాఫీగా పారుతుంటే తెరచాప సరిగ్గా ఉన్నట్టు. గాలి వచ్చే వైపు పోగు చెదిరితే తాడు కొంచెం లాగాలి, అవతలి పోగు చెదిరితే సడలించాలి. ఆ లాగడమైనా సడలించడమైనా నాలుగు వేళ్ళ వెడల్పుకు మించదు. తల ఎత్తి చూస్తే దూరంగా నీటి మీద సన్నని అలలతో ఒక ముదురు మచ్చ కదిలి వస్తుంటుంది, అదే రాబోయే గాలి. బుద్ధ విగ్రహం ఉన్న రాతి దీవికి అవతల గాలి మరుగు పడుతుంది కనుక అటు పోకుండా ఆ మచ్చను వెతుక్కుంటూ దారి ఎంచుకోవడం నేర్పారు.

చివర్లో పెట్టిన సాధన పందెం పూర్తిగా నియమబద్ధంగా సాగింది. 5 నిమిషాల ముందు, 4 నిమిషాల ముందు, 1 నిమిషం ముందు సంకేతాలిచ్చి ఆ తర్వాతే వదిలారు. అంతకుముందు గాలి బొత్తిగా పడిపోవడంతో ఎరుపు తెలుపు చారల పతాక ఎగరేసి పందెం వాయిదా వేశారు. గాలి లేదు కదా అని పడవను ఊపుతూ, తెరచాపను విసనకర్రలా విసురుతూ ముందుకు పోవడం నిషిద్ధం, అలా చేసిన ఒక జట్టుకు అక్కడికక్కడే నియమం విడమరిచి చెప్పారు. పిల్లలకు ఈ క్రమశిక్షణ ఎంతో మేలు చేస్తుందని నా నమ్మకం.

లోపాలు లేకపోలేదు. తరగతి పాఠమంతా ఇంగ్లీషులో, కొంత హిందీలో సాగింది. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు అక్కడే వెనకబడతారు, ఒక్క తెలుగు కరపత్రం ఇచ్చినా ఈ ఇబ్బంది తీరుతుంది. చిన్న పిల్లలకు సరిపోయే లైఫ్ జాకెట్లు తక్కువగా ఉన్నాయి. బట్టలు మార్చుకునే చోటు ఇరుకుగా ఉంది. నీటి వాసన కొన్ని రోజులు భరించడం కష్టం, అది శిక్షకుల తప్పు కాదు. ఆ చెరువు నీరు చేరే మూసీయే మన వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది గనుక దాని బాగోగులు మనకూ పట్టాలి.

ఫీజు మధ్యతరగతికి కొంచెం బరువే అయినా, ఒక్కొక్క పడవ మీద వారు పెట్టే శ్రద్ధకు అది తగినదే. మొదటిసారి నేర్చుకునేవారు వానాకాలం ముగిశాక చేరడం మంచిది. ఉదయం పాఠానికి అందుకోవాలంటే నల్లగొండలో తెల్లవారుజామునే బస్సు ఎక్కాలి. టోపీ, జారని మెత్తని బూట్లు, ఒక జత పొడి బట్టలు తప్పక పట్టుకెళ్ళండి.