చేతి లేజర్ స్పీడ్ గన్: అంకె గట్టిదే, రికార్డు ఉన్న మోడలే కొనాలి

రద్దీ రోడ్డు మీద ఒకే బండిని గురిపెట్టి వేగం కొలవాలంటే చేతి లేజర్ గన్ బాగా పనిచేస్తుంది. రాడార్ గన్ కిరణం దాదాపు 12 డిగ్రీల వెడల్పు ఉంటుంది. 300 మీటర్ల దూరానికి వెళ్లేసరికి అది 60 మీటర్లకు పైగా పరుచుకుంటుంది. ఆ మేరలో నాలుగు బండ్లుంటే తెర మీది అంకె ఎవరిదో పోలీసే తేల్చుకోవాలి. సిగ్నల్ బలంగా తిరిగొచ్చేది పెద్ద లారీ నుంచి గనక పక్కనున్న బైకు లెక్కలోకి రాకపోవచ్చు. లేజర్ కిరణం సుమారు 3 మిల్లీరేడియన్లే, అంటే డిగ్రీలో ఆరో వంతు. అదే దూరంలో మీటరుకన్నా తక్కువ. కారుకైతే నంబర్ ప్లేటు మీద, బైకుకైతే హెడ్‌లైట్ మీద పెట్టాలి.

దీని బలహీనత చేతి కదలికలో ఉంది. గన్ పరారుణ పల్సులు వదిలి, సెకనులో మూడో వంతు సేపట్లో దూరం ఎంత మారిందో చూసి వేగం లెక్కగడుతుంది. ఆలోపు కిరణం ముందు అద్దం మీంచి బంపర్ మీదికి జారితే దూరం ఒక మీటరు తగ్గినట్టు లెక్కలోకి వస్తుంది. అంటే గంటకు సుమారు 11 కిలోమీటర్లు అదనం. మంచి గన్ ఇలాంటి కొలతను ఎర్రర్ చూపి కొట్టేస్తుంది. కొనేముందు ఆగి ఉన్న కారు పక్కభాగం మీద పొడవునా కిరణాన్ని తిప్పి చూడండి. తెర మీద వేగం కనబడితే ఆ మోడల్ వద్దు.

పక్క నుంచి కోణంలో కొలిస్తే గన్ వేగం ఎక్కువ చూపిస్తుందని డ్రైవర్లు చేసే వాదన మాత్రం తప్పు. రోడ్డు పక్కన నిలబడి కొలిస్తే గన్ అసలు వేగంకన్నా తక్కువే చూపిస్తుంది: 100లో వెళ్తున్న బండి 10 డిగ్రీల కోణంలో 98.5, 20 డిగ్రీల్లో 94. కదిలే పోలీసు బండిలోని రాడార్ సంగతి వేరు. అది తన సొంత వేగాన్ని తక్కువగా లెక్కేసుకుంటే, ఆ తేడా ఎదురొచ్చే బండి ఖాతాలో పడుతుంది.

డ్యూటీ మొదట్లో, చివర్లో మూడు పరీక్షలు చేయాలి: సెల్ఫ్ టెస్ట్, టేపుతో కొలిచి గుర్తుపెట్టిన దూరం సరిగ్గా చూపుతోందా, గురి సరిగా ఉందా. మూడోదానికి, వెనక ఆకాశం తప్ప ఏమీ లేని స్తంభం మీదుగా గన్‌ను అడ్డంగా, స్తంభం అడ్డకమ్మీ మీదుగా నిలువుగా తిప్పాలి. గురిలో కనబడే చుక్క స్తంభాన్ని తాకిన చోటే గన్ చేసే శబ్దం మారాలి. గురి తప్పిన గన్ పక్క లేన్ బండిని కొలుస్తుంది, అంకె మాత్రం నిక్కచ్చిగానే కనబడుతుంది.

ఇంతా చేస్తే గన్ చెప్పేది వేగం ఒక్కటే. ఎవరి మీద ట్రిగ్గర్ నొక్కాలి, పరిమితి ఎంత దాటితే ఆపాలి, ఆపాక హెచ్చరించి పంపాలా జరిమానా రాయాలా అన్నవి పోలీసు విచక్షణలోనే ఉంటాయి. ఇంగ్లండ్ మార్గదర్శకంలో పరిమితికి 10 శాతం, మరో 2 మైళ్లు కలుపుతారు. 30 మైళ్ల రోడ్డు మీద చర్య 35 దగ్గర మొదలవుతుంది. జర్మనీలో సాధారణంగా 100 కిలోమీటర్ల దాకా 3 కిలోమీటర్లు, ఆపైన 3 శాతం కొలతలోంచి తీసేస్తారు. రాసిపెట్టిన హద్దు అందరికీ ఒకటే. రాయని హద్దు మనిషిని బట్టి, పూటను బట్టి మారుతుంది, ఆ తేడాను డ్రైవరు ఎక్కడా నిరూపించలేడు.

అందుకే వీడియో, సమయం, దూరం కలిపి దాచే మోడలే మా ఎంపిక. అది బరువెక్కువ, బ్యాటరీ త్వరగా తింటుంది, అయినా సరే. ఒక్క షరతు: జరిమానా రాసిన కొలతలే కాదు, నొక్కిన ప్రతి ట్రిగ్గరూ అందులో మిగలాలి. ఎవరిని ఆపారో, అంతే వేగంలో ఎవరిని వదిలేశారో పై అధికారి పోల్చి చూడగలిగేది అప్పుడే. చవక మోడళ్లలో చివరి అంకె తెర మీద అలాగే నిలిచిపోతుంది. పక్కన ఎంతసేపైందో చూపే టైమర్ లేకపోతే అది ఏ బండిదో తేలదు. అలాంటిదే కొనక తప్పని చోట సమయం, దూరం, వేగం, తీసుకున్న చర్య పుస్తకంలో రాయించాలి, హెచ్చరించి పంపిన బండ్లతో సహా.