పీటీ-76 కింద వరి మడి: విజయవాడలో చేయించుకున్న డయోరమా బేసు

ట్యాంకు మోడల్‌ను ఎంత శ్రద్ధగా అతికించి, రంగులు వేసి, తుప్పు మరకలు దిద్దినా, నున్నటి చెక్క పలక మీద నిలబెట్టినంత కాలం అది పద్నాలుగు టన్నుల బండిలా కనిపించదు. బండికి బరువు ఉందన్న నమ్మకాన్ని చూసేవారికి కలిగించేది దాని కింది నేలే. పదకొండేళ్లుగా 1/35 స్కేలులో (అసలులో ముప్ఫై అయిదో వంతు కొలతలో) సైనిక వాహనాల మోడళ్లు కడుతున్న నాకు బండి పని ఓ మోస్తరుగా పట్టుబడింది గానీ, నేల పని మాత్రం చేతికి రాలేదు. అందువల్ల ఈసారి ట్రంపెటర్ కంపెనీ వారి పీటీ-76 (నీటిలో ఈదగల సోవియట్ తేలిక ట్యాంకు) కిట్టును నేను కట్టుకుని, దాని డయోరమా బేసును, అంటే బండి నిలబడే నేల దృశ్యాన్ని, విజయవాడలోని ఒక నమూనాల వర్క్‌షాపు వారికి అప్పగించాను. ముప్ఫై రెండు రోజుల తరువాత చేతికి వచ్చిన ఆ బేసు రెండు నెలలుగా నా బల్ల మీద ఉంది. ఇలాంటి పని చేయించుకోదలచినవారికి ఉపయోగపడుతుందని దాని బాగోగులు వివరంగా రాస్తున్నాను.

ఆ వర్క్‌షాపు గాంధీనగర్ ప్రాంతంలో ఒక పాత మేడ మీద ఉంది. వారి అసలు వృత్తి స్థిరాస్తి వ్యాపారులకు వెంచర్ల నమూనాలు, అపార్ట్‌మెంట్ల నమూనాలు చేసి ఇవ్వడం. ఆ పనిలో గడ్డి ఎప్పుడూ పచ్చగా, రోడ్డు ఎప్పుడూ శుభ్రంగా, నీరు ఎప్పుడూ నీలంగా ఉండాలి. యుద్ధభూమికి కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. నేను మొదట వెనుకాడింది అందుకే. అయితే అక్కడ పని నడిపించే పెద్దాయన డెల్టా పల్లెలో పుట్టి పెరిగినవారు, కొండపల్లి బొమ్మల పని దగ్గర నుంచి చూసినవారు. నా మోడల్‌ను చేతిలోకి తీసుకుని తిరగేసి చూసి, ఆయన అడిగిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. "ఇది ఏ నెలలో, ఏ నేల మీద నడిచిందండీ?" అని అడిగారు. ఆ ప్రశ్న విన్నాక నాకు వేరే చోట విచారించాలనిపించలేదు.

నేను ఎంచుకున్నది 1971 నవంబరు 21 నాటి గరీబ్‌పూర్ పోరు. అధికారికంగా యుద్ధం మొదలు కావడానికి పన్నెండు రోజుల ముందు, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్ వైపు సరిహద్దు దాటిన 14 పంజాబ్ బెటాలియన్‌కు తోడుగా 45 క్యావల్రీ అనే ట్యాంకు రెజిమెంటుకు చెందిన పీటీ-76 స్క్వాడ్రన్ వెళ్లింది. తెల్లవారుజామున మంచులో వారు పాకిస్తాన్ వారి చాఫీ ట్యాంకులను ఎదుర్కొన్నారు. ఆ స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించి అక్కడే ప్రాణాలు అర్పించిన మేజర్ దల్జీత్ సింగ్ నరాగ్‌కు మరణానంతరం మహావీర చక్ర లభించింది. నవంబరు మూడో వారమంటే ఆ ప్రాంతంలో అమన్ వరి (వానాకాలంలో నాటే పంట) కొంత కోతకు వచ్చి, కొంత ఇంకా చేలో పండి నిలబడి ఉండే సమయం. కనుక నా బేసు మీద ఒక పక్క కోసిన మడి, మరో పక్క కోయని మడి, నడుమ ఒక గట్టు, దాని వెంట సన్నటి పంట బోదె, ఒక చెట్టు ఉండాలని చెప్పాను. బేసు కొలత 36 సెంటీమీటర్లకు 26 సెంటీమీటర్లు. పీటీ-76 పొడవు 6.91 మీటర్లు, వెడల్పు 3.14 మీటర్లు, 1/35లో అది 19.7 సెంటీమీటర్లకు 9 సెంటీమీటర్లు అవుతుంది కాబట్టి ఏటవాలుగా పెట్టినా నాలుగు పక్కలా నేలకు చోటు మిగులుతుంది.

పునాది పని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (గట్టి నురుగు) షీటును కోసి, ఫెవికాల్‌తో పలకకు అతికించారు. మామూలు థర్మాకోల్ వాడలేదు. అది పూసలు పూసలుగా రాలుతుంది, గట్టు అంచు పదునుగా రాదు. రెండింటిలో ఏది వాడినా దాని మీద నేరుగా స్ప్రే పెయింటు కొడితే అందులోని ద్రావకాలు దాన్ని తినేస్తాయి గనుక, ముందుగా నీటి రంగులో ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేశారు.

బురద పనికి మాత్రం నేను ఎంత మెచ్చుకున్నా తక్కువే. కొండపల్లి బొమ్మల్లో తెల్ల పొణికి చెక్క ముక్కలను అతికించడానికి, ఒంపులు దిద్దడానికి రంపపు పొట్టులో చింతగింజల పిండి కలిపిన మక్కు వాడతారు. పెద్దాయన అదే పద్ధతిని తీసుకుని, చింతగింజల పిండి మన వాన రోజుల తేమకు బూజు పట్టే అవకాశం ఉందని దాని బదులు ఫెవికాల్ కలిపి, జల్లెడ పట్టిన సన్నటి పొట్టుతో మట్టి తయారు చేశారు. ఇసుక దాదాపు వాడలేదు. ఈ నిర్ణయం ఎంత సరైనదో లెక్క వేస్తే తెలుస్తుంది: ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు 1/35లో మూడున్నర సెంటీమీటర్ల కంకర రాయి అవుతుంది. ఒండ్రు నేలలో కంకర రాళ్లు ఎక్కడివి? నదిలో ఇసుక తెచ్చి జల్లి అదే మట్టి అనుకునే పొరపాటు నేనూ ఏళ్ల తరబడి చేశాను.

రంగు విషయంలో మాత్రం ఒకసారి సరిదిద్దుకోవలసి వచ్చింది. మొదటి నమూనా ముక్కలో ఆయన మన నల్లరేగడి రంగు వేశారు. గంగా డెల్టా ఒండ్రు బూడిద, గోధుమ కలిసిన రంగులో ఉంటుందని చెప్పి ఫొటోలు చూపిస్తే, మరుసటి వారానికి తడి చోట ముదురుగా, గట్టు మీద ఆరిన చోట పాలిపోయినట్టుగా మూడు ఛాయలు వేసి చూపించారు. అచ్చుకు అచ్చు నేను చూపిన రంగే వచ్చింది.

ట్రాకు (ట్యాంకు చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టీ) జాడల దగ్గర మా ఇద్దరికీ నిజమైన చర్చ నడిచింది. నేను లేనప్పుడు ఆయన 12 మిల్లీమీటర్ల లోతున గాళ్లు తీశారు. చూడటానికి అవి గంభీరంగా ఉన్నాయి కానీ అసలు కొలతలో 42 సెంటీమీటర్ల లోతు. పీటీ-76 అడుగు భాగానికీ నేలకూ మధ్య ఉండే ఎడం 37 సెంటీమీటర్లే. అంత లోతుకు దిగితే బండి పొట్ట మట్టికి ఆని కదలకుండా కూర్చుండిపోతుంది. పైగా ఇది నీటిలో ఈదేలా తేలికగా కట్టిన బండి. 36 టన్నుల టీ-55 నేల మీద చదరపు సెంటీమీటరుకు దాదాపు 0.8 కిలోల ఒత్తిడి కలిగిస్తే, దీని ఒత్తిడి అర కిలో లోపే. నడిచే మనిషి ఒంటికాలి మీద బరువు మోపినప్పుడు కలిగే ఒత్తిడి కూడా ఇంచుమించు అంతే. అంటే ఆ మడిలో మనిషి అడుగు ఎంత దిగుతుందో ఈ ట్రాకు కూడా దాదాపు అంతే దిగాలి. ఈ మాట చెప్పగానే పెద్దాయనకు విషయం అందింది. గాళ్లను పూడ్చి, మళ్లీ మక్కు పరిచి, అది ఇంకా మెత్తగా ఉండగానే నా మోడల్‌కు పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి, నిలువుగా అదిమి తీశారు. జాడ మూడు మిల్లీమీటర్లకు మించలేదు. అలా అదమడం వల్ల మరో మేలు జరిగింది: ఆరు జతల చక్రాల కింద ట్రాకు అంతా నేలకు ఆనింది, ఎక్కడా గాలిలో తేలలేదు. మన మోడలర్ల బేసుల్లో నాకు ఎక్కువగా కనిపించే లోపం ఆ తేలడమే.

బండి దాటి వచ్చిన దారిలో ట్రాకు అచ్చులను ఒక్కొక్కటిగా నొక్కారు. మలుపు తిరిగిన చోట బయటి అంచున మట్టి ఒత్తుకుని లేచి, పెళ్లలుగా విరిగి పడినట్టు చేశారు. ఇది నేను చెప్పింది కాదు. దమ్ము చక్రాలు తగిలించిన ట్రాక్టరు మడి చివర తిరిగినప్పుడు బురద ఎటు లేస్తుందో చిన్నప్పటి నుంచి చూసిన కళ్లు అవి. యుద్ధం ఫొటోలు ఎన్ని చూసినా నాకు పట్టుబడని సంగతి ఆయనకు పొలం గట్టు మీద తెలిసింది.

కొయ్యకాళ్లు మరో గొప్ప పని. దుబ్బుకూ దుబ్బుకూ మధ్య 20 సెంటీమీటర్లకు 15 సెంటీమీటర్లు అనుకుంటే స్కేలులో దాదాపు ఆరు మిల్లీమీటర్లకు నాలుగున్నర మిల్లీమీటర్లు వస్తుంది. కోసిన మడి 20 సెంటీమీటర్లకు 18 సెంటీమీటర్లు కాబట్టి 1,300కు పైగా దుబ్బులు. ఒక్కొక్క దుబ్బునూ కొబ్బరి పీచుతో కట్టి, ఆరు మిల్లీమీటర్ల ఎత్తున కత్తిరించి, సూదితో గుచ్చిన రంధ్రంలో నిలిపారు. వరసలు కాస్త వంకరగా ఉన్నాయని నేను అంటే, "నాట్లేసే ఆడవాళ్లకు తాడు పట్టందే వరస తిన్నగా ఎలా వస్తుందండీ? తిన్నగా పెడితే అది వరి చేను కాదు, మీ వెంచర్ పార్కు అవుతుంది" అన్నారు. ట్రాకు నడిచిన చోట దుబ్బులు నలిగి మట్టిలో కూరుకుని ఉన్నాయి. జాడ పక్కన ఉన్నవి బయటకు వాలి ఉన్నాయి. కోసి పరిచిన పనలు కూడా నాలుగు వరసలు ఉన్నాయి.

చెట్టు సంగతి కూడా చెప్పాలి. మొదట ఆయన వెంచర్ నమూనాల్లో వాడే ప్లాస్టిక్ కొబ్బరి చెట్టు పెట్టబోయారు. జెస్సోర్ ప్రాంతం ఈత బెల్లానికి పేరు పొందినది. అక్కడ చలికాలంలో ఈత చెట్టుకు గీత పెట్టి, కుండ కట్టి, రసం తీసి బెల్లం కాస్తారు. మన దగ్గర కల్లు గీసే చెట్టూ అదే. ఏటా ఒక పక్క మార్చి ఒక పక్క గీయడం వల్ల మాను మెట్లు మెట్లుగా వంకర తిరుగుతుందని నేను గుర్తు చేయగానే, ప్లాస్టిక్ చెట్టును పక్కన పెట్టి, ఎండిన తులసి కాడ చుట్టూ మక్కు కట్టి, 14 సెంటీమీటర్ల ఈత చెట్టును గీతలతో సహా చేశారు. అది స్కేలులో అయిదు మీటర్ల చెట్టు. మెడ దగ్గర చిన్న మట్టి కుండ వేలాడుతోంది. బేసు మొత్తంలో నేను మళ్లీ మళ్లీ చూసుకునే చోటు అదే.

ఇక లోపాలు. పంట బోదెలోని నీరు ఈ బేసుకు పెద్ద మచ్చ. ఎపాక్సీ రెసిన్‌ను రంగు కలపకుండా పోయడంతో అది అద్దంలా మెరిసింది. బురద నేలలోని బోదెలో అడుగు కనిపించేంత తేట నీరు ఉండదు. నేను అభ్యంతరం చెప్పాక, గోధుమ రంగు కలిపిన రెండో పొర పోసి రంగు సరిచేశారు గానీ, రెసిన్ ఆరేలోపు గట్టు అంచు వెంట పైకి ఎగబాకి తడి చారగా మిగిలిపోయింది. వానలు పడుతున్న రోజుల్లో పోయడం వల్ల కాబోలు, ఒక మూల పాలిపోయినట్టు మబ్బుగా కూడా ఉంది. పొడి రోజు చూసి పలుచటి పొరలుగా పోసి ఉంటే ఈ రెండూ తప్పేవి.

గట్టు మీది గడ్డి రెండో లోపం. పచ్చ రంగు వేసిన పొట్టు జల్లి వదిలేశారు; అది నమూనా ఇళ్ల ముందు పచ్చికలా ఉంది తప్ప నవంబరు నాటి గట్టులా లేదు. స్టాటిక్ గ్రాస్ పరికరం వారి దగ్గర లేదు. దాన్ని గీకి, నా దగ్గర ఉన్న పరికరంతో రెండు, నాలుగు మిల్లీమీటర్ల పోగులను ఎండు రంగులు కలిపి నేనే వేసుకున్నాను. విద్యుత్ ఆవేశం వల్ల పోగులు నిలువుగా నిలబడతాయి. జల్లిన గడ్డికి ఆ నిలువు ఎన్నటికీ రాదు.

మూడోది పలక. ఎండీఎఫ్ (చెక్క నారను అదిమి చేసే పలక) వాడారు. అడుగు భాగానికి పూత వేయకపోవడంతో నెల తిరిగేసరికి ఒక అంచు కొద్దిగా ఉబ్బింది. ఆర్డరు ఇచ్చేవారు వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ కావాలని ముందే రాయించుకోవడం మంచిది.

ఖర్చు 6,400 రూపాయలు అయింది. సగం ముందుగా ఇచ్చాను. ఇరవై రోజుల్లో ఇస్తామని చెప్పి ముప్ఫై రెండు రోజులు తీసుకున్నారు. కానీ అందులో దిద్దుబాట్లు నా వల్ల పెరిగినవే, వాటికి అదనంగా ఒక్క రూపాయి కూడా అడగలేదు. 1,300 దుబ్బులు చేత్తో నాటిన పనికి ఈ ధర ఎక్కువని నేను అనుకోను. పైగా అడగకుండానే ఒక సహాయం చేశారు: బేసుకు వాడిన మట్టి మిశ్రమాన్ని చిన్న డబ్బాలో పోసి, రంగుల పాళ్లు చీటీ మీద రాసి ఇచ్చారు. ఆ మట్టినే చక్రాలకు, ట్రాకు సందుల్లో, వెనుక నీటి జెట్ల కింది భాగంలో పట్టించాను. బండి మీది బురదా కింది బురదా ఒకటే కావడంతో రెండూ కలిసిపోయాయి. మోడల్‌ను శాశ్వతంగా అతికించవద్దని చెప్పినందున, పలక కింది నుంచి రెండు మరలతో బిగించేలా రంధ్రాలు కూడా పెట్టారు.

మట్టి, పంట, చెట్టు ఉన్న దృశ్యమైతే ఈ వర్క్‌షాపు వారికి నిశ్చింతగా ఇవ్వవచ్చు. నీరు ప్రధానమైన దృశ్యం మాత్రం ఇప్పుడే ఇవ్వవద్దని నా సలహా. వెళ్లేటప్పుడు బండిని తప్పక తీసుకువెళ్లండి. దాని బరువు, అడుగు ఎడం, ట్రాకు వెడల్పు అసలు కొలతల్లో కాగితం మీద రాసి ఇవ్వండి. రంగు నమూనా ముక్క చూడకుండా పని మొదలుపెట్టనివ్వకండి.

నేను రెండో ఆర్డరు కూడా ఇచ్చాను. అది 1965 సెప్టెంబరులో అసల్ ఉత్తర్ దగ్గర, నీరు పెట్టిన చెరకు తోటల్లో చిక్కుకున్న పాకిస్తాన్ వారి ఎం48 ప్యాటన్ ట్యాంకు. దాని ట్రాకు వెడల్పు 71 సెంటీమీటర్లు, అంటే స్కేలులో రెండు సెంటీమీటర్లు. బరువు పీటీ-76కు మూడింతలు పైనే కనుక ఈసారి లోతైన గాళ్లు ఆయన ఇష్టప్రకారమే తీయవచ్చు. నీటి పని నేను చూసుకుంటానని చెప్పాను. చెరకు ఆకు ఎక్కడ వంగుతుందో, కింది ఆకులు ఎంత ఎత్తు వరకు ఎండుతాయో చూసి కొలుచుకోవడానికి వచ్చే ఆదివారం ఇద్దరం ఉయ్యూరు వైపు తోటల్లోకి వెళుతున్నాం.