లిఫ్ట్ కిట్ వేయించుకునేవాళ్లకి హెచ్చరిక: పెట్టె మీద ఒక షాక్, బండి కింద ఇంకో షాక్

నా బండికి లిఫ్ట్ కిట్, అంటే బండి ఎత్తు పెంచే స్ప్రింగుల, షాకబ్జర్ల సెట్టు, వేసిన షాపు పేరు ఇక్కడ రాయను. ఫోర్ బై ఫోర్ బండి ఉన్నవాళ్లకి రాయక్కర్లేదు కూడా. "50 మి.మీ. లిఫ్ట్, ఒక్క పూటలో బండి చేతికి" అంటూ వీడియోలు పెట్టేది ఎవరో అందరికీ తెలుసు. అక్కడ అడ్వాన్స్ కట్టబోతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ముందు ఇది చదవండి. ఇంకా కోపంలోనే ఉన్నాను, వరస తప్పితే సర్దుకోండి.

నా బండికి ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు), నాలుగు పక్కలా కాయిల్ స్ప్రింగులు. బండితో వచ్చిన కంపెనీ షాకబ్జర్లు (షాకులు, స్ప్రింగు ఊపుని ఆపే గొట్టాలు) అరిగిపోయాయి. ఎలాగూ మారుస్తున్నాం కదా అని రెండంగుళాలు లేపుదామనుకున్నాను. బండికి స్టీల్ బంపర్ లేదు, ఇరుక్కున్న బండిని లాగే విన్చ్ లేదు, పైన క్యారియర్ లేదు. ఈ సంగతి షాపు ఓనరుకి నోటితో చెప్పాను, మెసేజ్‌లో రాశాను, ఫొటోలు పంపాను. "మీ బరువుకి సరిపడే స్ప్రింగు, ఆ స్ప్రింగుకి సరిపడే పొడుగు షాకులు, మోనోట్యూబ్, మొత్తం సెట్టు ఇస్తాం సార్" అన్నాడు. మోనోట్యూబ్ అంటే ఒకే గొట్టంలో ఆయిలూ గ్యాసూ ఉండే షాక్. బిల్లు మీద అక్షరాలా ఆయన మాటే ఉంది. పెట్టె చూపించాడు. దాని మీద ముందు షాక్ పొడవులు అచ్చేసి ఉన్నాయి: పూర్తిగా సాగితే 555 మి.మీ., పూర్తిగా మూసుకుంటే 335. ఫొటో తీసుకున్నాను. బండి అప్పజెప్పే ముందు నాలుగు చక్రాల దగ్గరా ఎత్తు కొలిచి అది కూడా ఫొటో తీశాను. ఈ ఫొటోలే లేకపోతే ఇవాళ నా దగ్గర మాట్లాడ్డానికి ఏమీ ఉండేది కాదు.

బండి లోపలికి పోయాక నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టారు. పని జరిగే చోటికి కస్టమర్లు రాకూడదట, సేఫ్టీ అట. అద్దంలోంచి ఒక్కటి మాత్రం కనిపించింది. బండి ఇంకా ఎత్తిపట్టే హోయిస్ట్ మీదే ఉంది, చక్రాలు గాలిలో వేలాడుతున్నాయి, కుర్రాడు ఎయిర్ గన్‌తో, యాక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే ఆర్మ్‌ల బుష్ బోల్టులు చివరి దాకా బిగించేస్తున్నాడు. రబ్బరు బుష్ ఉన్న బోల్టుకి చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద నిలబడ్డాకే ఇవ్వాలి. గాలిలో బిగిస్తే బండి కిందికి దిగిన క్షణం నుంచీ ఆ రబ్బరు మెలిపడే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది. అద్దం కొట్టి పిలిచి చెప్పాను. "దింపాక మళ్లీ వదులు చేసి బిగిస్తాం సార్" అన్నాడు. బిగించలేదు. బండి దింపి తాళాలు చేతికిచ్చేశారు.

రోడ్డెక్కినప్పటి నుంచే చప్పుడు. స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు ఏమీ లేదు, దిగేటప్పుడు ముందు చక్రాలు కిందికి వాలగానే సుత్తితో ఛాసిస్‌ని మోదినట్టు ఠంగుమని కొడుతుంది. గుంత దాటాక బండి ముక్కు వెంటనే కుదురుకోదు, ఊగుతూనే ఉంటుంది. స్టీరింగ్ సంగతి సరే సరి. హైవే మీద అటూ ఇటూ సర్దుతూ ఉండాల్సిందే, మలుపు తిరిగాక చక్రం దానంతటది వెనక్కి రాదు. ఫోన్ చేస్తే "కొత్త షాకులు కదా సార్, సెట్ అవుతాయి, అలైన్‌మెంట్ చేయించండి" అన్నారు.

అలైన్‌మెంట్ చేసినాయన నిజాయితీపరుడు. "టో సరిచేశాను, కాస్టర్ నా చేతిలో లేదు" అని మెషీన్ తెర తిప్పి చూపించాడు. టో అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం. రేడియస్ ఆర్మ్‌లు ఉన్న సాలిడ్ యాక్సిల్ బండిని లేపితే ఆ ఆర్మ్‌ల కోణం మారి యాక్సిల్ కొంచెం ముందుకి తిరుగుతుంది, కాస్టర్, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, తగ్గుతుంది. స్టీరింగ్‌ని నేరుగా నిలబెట్టేది అదే. దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే రంధ్రం పక్కకి జరిగి ఉండే ఆఫ్‌సెట్ బుష్‌లు గానీ, ఆర్మ్ బిగింపుని కిందికి దించే డ్రాప్ బ్రాకెట్లు గానీ, సర్దుబాటు చేసుకునే ఆర్మ్‌లు గానీ వేయాలి. యాక్సిల్ పక్కకి పోకుండా పట్టే ప్యానార్డ్ రాడ్ పొడవు మారదు, కోణం మారుతుంది కాబట్టి యాక్సిల్ కూడా ఒక పక్కకి జరుగుతుంది. "మొత్తం సెట్టు" అని అమ్మినవాడు వీటిలో ఒక్కదాని ఊసూ ఎత్తలేదు.

అప్పుడు టేపు తీశాను. చక్రం నడిమధ్య నుంచి పైన బాడీ వంపు (ఆర్చ్) అంచు దాకా కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరు సైజు, గాలి లెక్కలోకి వచ్చేస్తాయి. వెనక 50 లేచింది, సరే. ముందు 75! స్ప్రింగు మీదున్న ట్యాగు నంబరు తయారీదారు పట్టికలో వెతికితే అది స్టీల్ బంపరూ విన్చూ ఉన్న బండికి వేసే స్ప్రింగు. పెట్టె మీద వేసే 50 అంకె ఆ బరువు మీద ఉన్నప్పటి అంకె. ఆ బరువు లేని బండికి పెడితే అది అంతకంటే పైకి లేస్తుంది, గట్టిగానూ ఉంటుంది. షాపులో ఏది మిగిలితే అది పెట్టేశారన్నమాట.

ఇంత వరకూ అయితే కోపం వచ్చేదే గానీ ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు.

కుటుంబంతో కొండ దారి దిగుతుంటే ముందు ఎడమ పక్క గట్టిగా పగిలిన చప్పుడైంది. వెంటనే ఆపేశాను. ఆ చక్రం దారి పక్క గుంత మీద సగం వేలాడుతోంది. దిగి వంగి చూస్తే షాకబ్జర్ పైన ఉండే పిన్ను తెగిపోయి ఉంది. మా బండిలాంటి వాటిలో చక్రం ఎంత దాకా కిందికి వాలాలో ఆపేది షాకబ్జరే. అది తెగిపోయాక ఆ పక్క యాక్సిల్ కిందికి పోకుండా పట్టుకుని ఉన్నది బ్రేక్ హోస్ ఒక్కటే. బ్రేకు ఆయిల్ పోయే ఆ రబ్బరు గొట్టం వంపన్నదే లేకుండా బిగుసుకుపోయి ఉంది, ఇనుప బిగింపులోకి దూరే చోట తెల్లటి పగుళ్లు తేలాయి. స్ప్రింగు పై అంచు దాని సీటు వదిలి పక్కకి జరిగింది. ఇంకొక్క కుదుపుకి ఆ హోస్ తెగి ఉంటే ఆ వాలులో బ్రేకు ఏమయ్యేదో మీరే ఆలోచించండి. వెనక సీట్లో పిల్లలున్నారు.

బండిని మోసుకుపోయే లారీ పిలిపించి వేరే గ్యారేజీకి చేర్చాను. అక్కడి మెకానిక్ రెండు ముందు షాకులూ విప్పి బల్ల మీద పెట్టాడు. ఒంటి నిండా ఆ షాపువాళ్ల పెద్ద స్టిక్కరు. ఒక మూల లేచి ఉంటే గోటితో లాగాను. స్టిక్కరు కింద కొత్త నల్ల పెయింటు. దాన్ని గీకితే కింద చెక్కిన పార్ట్ నంబరు. మా బండి కంపెనీ షాక్ నంబరే అది! కొత్తదీ కాదు. కింది బుష్ లోపలి స్లీవ్ మీద పాత తుప్పు, రబ్బరు ఒక పక్కకి అరిగిపోయి ఉంది. తెగని షాక్ కడ్డీని చేత్తో లోపలికి నొక్కి వదిలాడు. నొక్కిన చోటే ఉండిపోయింది. మోనోట్యూబ్ అయితే అడుగున ఎక్కువ పీడనంలో ఉన్న నైట్రోజన్ ఆ కడ్డీని దానంతట అదే బయటికి తోస్తుంది. చివరి దాకా సాగదీసి టేపు పెడితే 500. లిఫ్ట్ వేయించుకుని వెళ్లిన ఇంకెవరో అక్కడే వదిలేసిపోయిన కంపెనీ షాకులకి రంగేసి, స్టిక్కరు అంటించి, కొత్త సెట్టు పేరుతో నా బండికి బిగించారు.

లెక్క చూడండి. లేపక ముందు బండి నిలబడి ఉన్నప్పుడు ముందు షాక్ పొడవు 410 ఉండేది. సాగడానికి 90 మి.మీ. మిగిలి ఉండేది. బండిని 75 లేపి అదే పొడవు షాక్ పెడితే మిగిలింది 15. అంటే చిన్న స్పీడ్ బ్రేకర్ దిగినా కడ్డీ చివరికొచ్చి లోపల కొట్టుకోవాల్సిందే. ఆ ఠంగుమనే చప్పుడు అదే. వేలాడే చక్రం బరువూ, యాక్సిల్ బరువూ, స్ప్రింగు తోపూ ప్రతిసారీ ఆ పిన్ను మీదే పడ్డాయి. తెగక ఏం చేస్తుంది? పెట్టె మీద రాసిన 555 షాక్ పెట్టి, స్ప్రింగు మాటిచ్చినట్టు 50 లేపి ఉంటే 95 మిగిలేది. కాగితం మీద వాడిచ్చిన లెక్క సరైనదే. అంటే ఏది పెట్టాలో వాడికి తెలుసు. తెలిసే పెట్టలేదు.

తెగిన షాక్, బిల్లు, ఫొటోలు పట్టుకుని షాపుకెళ్లాను. షాక్ కౌంటర్ మీద పెట్టాను. ఓనరు దానివైపు చూడకుండానే "ఆఫ్‌రోడ్ చేశారు కదా సార్, వారంటీ రాదు" అన్నాడు. ఆఫ్‌రోడ్ కోసమని చెప్పి అమ్మే వస్తువు అది. నేను గొంతు పెంచలేదు. జతలోని రెండో షాక్ సాగదీసి, టేపు కొక్కెం కింది చివరి రింగుకి తగిలించి, పై పిన్ను దాకా లాగి చూపించాను. "ఇది 500 ఉంది, మీ పెట్టె మీద 555 ఉంది, చూడండి" అన్నాను. వాడు వంగాడు. చూస్తాడనుకున్నాను. బొటనవేలితో ఆ కొక్కెం పైకి తన్నేశాడు. టేపు సర్రున లోపలికి పోయి నా వేలు కోసుకుంది. అప్పుడు నా మొహంలోకి చూసి అన్నాడు: "లిఫ్ట్ అడిగారు. బండి లేచిందా లేదా? లేచింది కదా. ఇంకేం కావాలి సార్ మీకు?"

వేలు నొప్పి పోయింది. ఆ మాట పోవడం లేదు. ఎందుకంటే వాడి మోసమంతా ఆ మాటలోనే ఉంది. బండిని లేపేది స్ప్రింగు. షాక్ లేపదు, స్ప్రింగు ఊపుని అదుపు చేస్తుంది. కాబట్టి స్ప్రింగు మార్చగానే బండి లేస్తుంది, కొన్నవాడు నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూసి సంతోషపడతాడు. కింద ఏ షాక్ ఉందో పైనుంచి కనిపించదు. కనిపించే సగం ఇచ్చి, ప్రాణాలు కాచే సగం ఎగ్గొట్టాడు.

నేనింకా అక్కడుండగానే పక్కన ఓ కుర్రాడు అదే కిట్‌కి అడ్వాన్స్ కట్టబోతున్నాడు. "తమ్ముడూ, కట్టకు, ఇది చూడు" అని స్టిక్కరు ఊడిన చోటు చూపించాను. ఓనరు నవ్వి "ఈ సార్ కొంచెం టెన్షన్‌లో ఉన్నారు, నువ్వు ఇటు రా బాబూ" అని వాణ్ణి లోపలి గదిలోకి తీసుకుపోయాడు. ఆ కుర్రాడు నావైపు జాలిగా చూసి వెళ్లాడు. ఇది రాయడానికి కారణం ఆ కుర్రాడే.

ఎక్కడ వేయించుకున్నా కొన్ని చూసుకోండి. షాక్ బిగించక ముందే మీ కళ్ల ముందు సాగదీయించి, నొక్కించి, రెండు పొడవులూ కొలిచి బిల్లు మీద రాయించండి. పని దగ్గర నిలబడనివ్వకపోతే బండి ఇవ్వొద్దు. రెండో పొడవు ఎందుకంటే, పొడుగు షాక్ మూసుకున్నప్పుడు కూడా పొడుగ్గానే ఉంటుంది. బంప్ స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తాకక ముందే షాక్ అడుగు తాకితే లోపలి వాల్వు పోతుంది, అందుకే బంప్ స్టాప్‌కి స్పేసరు కావాలి. బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కూడా వదులుగా ఉండాలి. వెనక యాక్సిల్‌కి బరువుని బట్టి బ్రేకు మార్చే వాల్వు ఉన్న బండైతే దాని బ్రాకెట్టూ సర్దాలి, లేకపోతే లేపిన బండిని అది ఖాళీ బండి అనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ విడివిడిగా కదిలేది) ఉన్నవాళ్లు చక్రానికి శక్తి అందించే సీవీ జాయింట్ కోణం గురించి, పై ఆర్మ్ బాల్ జాయింట్ గురించి అడగండి.

"గ్యాస్ షాక్ సార్, బండిని లేపుతుంది" అంటే నమ్మొద్దు. ఆ గ్యాస్ ఉన్నది ప్రధానంగా ఆయిల్ నురగ కట్టకుండా ఉండటానికి. మోనోట్యూబా, ఒకదానిలో ఒకటి రెండు గొట్టాలుండే ట్విన్ ట్యూబా అని గంటలు వాదించుకుంటాం గానీ పొడవు తప్పుగా ఉంటే రెండూ ఒకటే. అన్నట్టు, లిఫ్ట్ వల్ల సాలిడ్ యాక్సిల్ డిఫరెన్షియల్ కింద ఖాళీ పెరగదు, అది పెరిగేది పెద్ద టైరుతోనే. వాళ్ల వీడియోలో చెప్పేది అబద్ధం.

మీ పాత షాకులు మాత్రం ఇంటికి తెచ్చేసుకోండి. పారేసేవే అయినా అక్కడ వదలొద్దు. నా బండి కింద దొరికినవి అలా ఎవరో వదిలినవే.

డబ్బు తిరిగి రాలేదు, నేను వదలను. ఆ షాపులో ఈ కిట్ వేయించుకున్నవాళ్లు ఇవాళే టార్చి పట్టుకుని బండి కిందికి దూరండి. ముందు చక్రం వెనకాల, షాక్ కింది సగంలో స్టిక్కరు ఉంటుంది. ఒక మూల లేపి పెయింటు గీకండి. చెక్కిన నంబరు కనబడితే బండి ఇక నడపకండి, ఫొటోతో బిల్లుతో నాకు రాయండి. ఫిర్యాదు కాగితం సిద్ధంగా ఉంది, అందరి పేర్లూ కలిపే ఇస్తాను.