ఒంగోలులో లిఫ్ట్ ఏఎంసీ ఇచ్చేవాళ్లు జాగ్రత్త: గ్రీజు పూస్తే సర్వీసు అయినట్టు కాదు

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ బాధ్యత చూసేవాళ్లు దయచేసి ఇది చదవండి. మాది కర్నూలు రోడ్డు దగ్గర ఐదంతస్తుల బిల్డింగ్. పాత కంపెనీ రేటు పెంచిందని, సగం ధరకే చేస్తామన్న వాళ్లకు లిఫ్ట్ ఏఎంసీ (ఏడాది పాటు సర్వీసు చూసుకునే కాంట్రాక్టు) ఇచ్చాం. సంతకం పెట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను.

మొదటి సర్వీసుకు ఒక కుర్రాడు గ్రీజు డబ్బాతో వచ్చాడు. తాళ్లకు, తలుపులు జరిగే గాడికి దండిగా పూసి అరగంటలో వెళ్లిపోయాడు. చప్పుడు తగ్గిందని అందరం సంతోషపడ్డాం.

వారం తిరక్కుండానే మొదలైంది. నిండా జనం ఎక్కి కిందికి వస్తే లిఫ్ట్ ఫ్లోరుకు రెండంగుళాలు దిగి ఆగేది. మూడో అంతస్తు పెద్దావిడ కూరగాయల సంచితో బయటికి అడుగేయబోయి గడపకు తట్టుకుని పడ్డారు. మోకాలు చెక్కుకుపోయింది. ఎముక విరగలేదు గానీ ఆ రోజు నాకు చేతులు ఆడలేదు. కొత్త కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే “సెన్సార్ పోయింది, మార్చాలి” అన్నారు.

పాత మెకానిక్‌ను బతిమాలి పిలిపించాం. ఆయన నన్ను మెషిన్ రూమ్‌లోకి తీసుకెళ్లి చూపించాడు. మోటారు పుల్లీ మీద తాళ్లు ఆనే గాడుల్లో గ్రీజు నల్లగా ముద్దకట్టి ఉంది. లిఫ్ట్‌ను మోసేదే తాడుకూ ఆ గాడికీ మధ్య పట్టు. అది పోతే బ్రేకు పడి పుల్లీ ఆగినా తాడు జారుతుంది. తాడుకు నూనె అసలు వద్దని కాదు. దానికని వచ్చే పల్చటి నూనె, అదీ పైపైన తడిపీ తడపనట్టు రాయాలి.

పక్కనే సన్నటి తాడు ఇంకొకటి. అది గవర్నర్ తాడు. గవర్నర్ అంటే లిఫ్ట్ వేగాన్ని కనిపెట్టుకుని ఉండే పరికరం. లిఫ్ట్ వేగం మితిమీరితే గవర్నర్ ఆ తాడును పట్టేస్తుంది, దాంతో సేఫ్టీ బ్రేకులు పట్టాలను కరుచుకుంటాయి. దానికి నూనె తగలనే కూడదట. దానికీ పూశాడు! అది చూశాకే నాకు నిజంగా భయం పట్టుకుంది.

తలుపు గాడిలో చీమకుర్తి గ్రానైట్ లారీల దుమ్మంతా గ్రీజుకు అంటుకుని, గీరితే బూడిదరంగు ముద్దలు వచ్చాయి. అక్కడ పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఎంత తుడిచినా తాళ్లకు పట్టు రాలేదు, చివరికి మార్చాం. మిగిలిందనుకున్న డబ్బంతా అక్కడే పోయింది, పైగా ఎదురు పెట్టుకున్నాం.

వాళ్లే ఇప్పుడు మంగమూరు రోడ్డు వైపు అదే రేటు చెప్పి తిరుగుతున్నారని తెలిసింది. సంతకం పెట్టేముందు వచ్చినవాణ్ని మెషిన్ రూమ్‌కు తీసుకెళ్లి, ఏ తాడుకు నూనె తగలకూడదో చూపించమనండి.