పోచంపల్లి చిటికి డిజైన్ శిక్షణ: ఆల్బమ్ ముందే తెరిస్తే వచ్చే చిక్కు

భూదాన్ పోచంపల్లిలో చిటికి (నూలును ముందే కట్టి, రంగులద్ది నేసే ఇకత్) డిజైన్లు గీసేవాళ్ల కోసం నడిపే ఈ రెండు రోజుల శిక్షణకు ఐదుకు మూడు మార్కులు. రెండో రోజు లేకుంటే ఒకటే.

మొదటి రోజును చెడగొట్టేది ఆల్బమ్. కూర్చోగానే పాత చీరల ఫొటోలు చేతికిస్తారు: ఏనుగు, చిలుక, వజ్రం. తర్వాత గ్రాఫ్ కాగితం ఇచ్చి "కొత్త కొంగు గీయండి, చూసింది దించొద్దు" అంటారు. చివరికి ఏనుగు తొండం ఎత్తుతుంది, వజ్రం పక్కకు వాలుతుంది, అంతే. తప్పు గీసేవాళ్లది కాదు. జాన్సన్, స్మిత్ అనే పరిశోధకులు 1991లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒలకని కాఫీ కప్పు గీయమని, స్ట్రా ఉన్న నమూనా చూపించి, స్ట్రా వాడొద్దనీ చెప్పారు. అయినా నమూనా చూసినవాళ్ల బొమ్మల్లోకి స్ట్రాలు వచ్చాయి. ఇలా చూసిన నమూనాకే ఆలోచన అతుక్కుపోవడాన్ని డిజైన్ ఫిక్సేషన్ అంటారు.

రెండో రోజు పద్ధతి వేరు. ఒక్క నమూనానే పెట్టి దాని లోపాలు విప్పి చెబుతారు. చిలుక ముక్కు వంపు మెట్లు మెట్లుగా ఎందుకొచ్చింది? గడులు పెద్దవి కాబట్టి. చిన్నవి చేస్తే వంపు కుదురుతుంది, కట్లు పెరుగుతాయి. నూలుకు ముందు లేత రంగు అద్ది, అది నిలవాల్సిన చోట రబ్బరుతో కట్టి, ముదురు రంగులో ముంచాలి. అంటే ఇంకో రంగు కావాలంటే ఇంకోసారి కట్టి, ఇంకోసారి ముంచాలి. ఆ తర్వాత షరతులు: ప్రాణులు వద్దు, వజ్రం వద్దు, రెండే రంగులు, పేక (అడ్డం పోగుల) చిటికి మాత్రమే. ఏది వద్దో, ఎందుకు వద్దో తెలిశాక చేతులు కదిలాయి. తాటి మట్ట రంపపు అంచు, ఈత చాప అల్లిక కాగితం మీదికొచ్చాయి. మధ్యలో శిక్షకుడు "బావి మెట్ల లాంటిది" అని నోరు జారాడు. ఇక చూడాలి, ఎవరి కాగితంలో చూసినా మెట్లే!

అసలు కొరత నూలు ముట్టించకపోవడం. ఒక గడికి ఎన్ని పోగులో చెప్పరు, ఆసు (కట్టడానికి ముందు నూలు పోసే మేకుల చట్రం) మీద జానెడు నమూనా కూడా పోయించరు. కట్టు వదులైతే రంగు లోపలికి పాకి అంచు మసకబారుతుంది, ఒక గడి మందం గీత ఆనవాలే లేకుండా పోతుంది. కాగితం మీద అది ఎంత చక్కగా ఉన్నా ఏం లాభం?

కట్టడం వచ్చినవాళ్లకు ఇది పనికొస్తుంది, కొత్తవాళ్లకు తొందరే. వెళ్లేవాళ్లు ఆల్బమ్ తెరవకముందే పావుగంట అడిగి తీసుకుని, తోచినవి గీసుకోవాలి. గ్రాఫ్ పుస్తకం సొంతదే తీసుకెళ్లండి, అక్కడిచ్చే కాగితంలో గడులు మరీ పెద్దవి.