సెవెన్ సమురాయ్: టీమ్‌ని అందరూ తీసుకున్నారు, రైతుల్ని వదిలేశారు

జపాన్ దర్శకుడు అకిరా కురొసావా తీసిన ‘సెవెన్ సమురాయ్’ 1954లో వచ్చింది. బ్లాక్ అండ్ వైట్, నిడివి 207 నిమిషాలు. ఇది వినగానే తర్వాత చూద్దాంలే అనుకునేవాళ్లు చాలామంది. అలా అనుకోకండి, ఇప్పటి యాక్షన్ సినిమాలు చాలావాటికన్నా ఇది వేగంగా పరిగెడుతుంది.

16వ శతాబ్దం చివర, జపాన్ యుద్ధాలతో అల్లకల్లోలంగా ఉన్న రోజులు. బార్లీ పంట చేతికొచ్చాక ఊరిమీద పడాలని నలభైమంది బందిపోట్లు కాచుక్కూర్చుంటారు. రైతులు పట్నం వెళ్లి, యజమాని లేని సమురాయ్‌లని, అంటే కత్తి పట్టే యోధుల్ని, వెతుక్కుంటారు. డబ్బు ఇవ్వలేరు, ఇవ్వగలిగింది అన్నం ఒక్కటే. వాళ్లకి దొరికిన సమురాయ్ కాంబే (తకాషి షిమురా) కుదరదంటుంటే, అదే సత్రంలో ఉన్న ఒక కూలీ అన్నం గిన్నె ఆయన ముందుకు చాపి, మీకిది పెట్టి వాళ్లేమో ఊదలు తింటున్నారు అని కోప్పడతాడు. కాంబే ఆ గిన్నె చేతిలోకి తీసుకుని, ఈ అన్నాన్ని వృథా కానివ్వను అంటాడు. అంతే, ఉపన్యాసాల్లేవు, హీరో ఎలివేషన్ లేదు, కానీ సినిమా మొత్తం ఆ గిన్నె మీదే నిలబడింది.

కాంబే ఇలా ఒక్కొక్కర్నీ వెతికి ఏడుగురి టీమ్ కట్టే పద్ధతిని తర్వాత ప్రపంచమంతా వాడుకుంది. హాలీవుడ్ 1960లో దీన్నే ‘ది మాగ్నిఫిసెంట్ సెవెన్’గా తీసింది, మన ‘షోలే’లోనూ దీని ఛాయలు కనిపిస్తాయి. అయితే తీసుకున్నవాళ్లలో చాలామంది ముఖ్యమైనదాన్నే వదిలేశారని నాకనిపిస్తుంది. ఇందులో రైతులు అమాయకులు కాదు. ఓడి పారిపోతున్న సమురాయ్‌లని చంపి దోచుకున్న కవచాలు వాళ్ల దగ్గర బయటపడతాయి. మిగతా సమురాయ్‌లు మండిపడుతుంటే, ఆ ఏడుగురిలో ఒకడైన కికుచియో (తొషిరో మిఫునె) లేచి అరుస్తాడు: అవును, రైతులు పిసినారులు, అబద్ధాలకోరులు, హంతకులు, కానీ వాళ్లని అలా తయారుచేసింది ఎవరు, మీరే కదా, ఊళ్లు తగలబెట్టి, తిండి లాక్కుని, ఆడవాళ్లని చెరిచింది మీరే కదా అని. విన్న కాంబే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి, నువ్వు రైతు బిడ్డవే కదూ అని అడుగుతాడు. మిఫునె నటన మొదట్లో కొంచెం అతిగా అనిపించినా, ఈ సీన్ తర్వాత ఆ గెంతులన్నిటికీ కారణం తెలిసిపోతుంది.

యుద్ధం సంగతికొస్తే, ఊరికి ఏ పక్కన అడవి, ఏ పక్కన నీళ్లు పెట్టిన పొలం, ఎక్కడ వంతెన అన్నీ ముందే మ్యాప్ గీసి చూపిస్తారు, చచ్చిన ఒక్కో బందిపోటుకీ కాగితం మీద ఒక్కో సున్నా కొట్టేస్తారు, అందుకే ఆఖర్న ఆ హోరువానలో, మోకాళ్లలోతు బురదలో గుర్రాలు దూసుకొస్తున్నా ఎవరు ఎక్కడున్నారో మనకి తెలుస్తూనే ఉంటుంది, ఆ టెన్షన్ అక్కణ్ణుంచే వస్తుంది. ఆ పోరాటాన్ని ఒకేసారి చాలా కెమెరాలతో, దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించే టెలిఫోటో లెన్సులతో తీశాడు కురొసావా. ఇంకోటి, ఇందులో చనిపోయే సమురాయ్‌లంతా తుపాకీకే పోతారు, కత్తికి ఒక్కడూ పోడు. బందిపోట్ల దగ్గరున్నవి మూడే తుపాకులు. క్యూజో లాంటి కత్తివీరుడు కూడా ఎవరో దాక్కుని పేల్చిన గుండుకి కూలిపోవడం చూస్తే కడుపులో దేవేస్తుంది.

కుర్ర సమురాయ్ ప్రేమకథ మాత్రం కాస్త సాగినట్టుంటుంది. ఫుమియో హయసాకా సంగీతానికి మంచి స్పీకర్లు పెట్టుకోండి, ఆ డప్పుల కోసమైనా. బయటి దేశాల్లో కత్తిరించిన వెర్షన్లు తిరిగాయి, అవి వద్దు. ఇంటర్వెల్‌తో ఉన్న 207 నిమిషాల ప్రింటే చూడండి.